పేరు ఒకరిది... పనితనం ఒకరిది!

తల మీద ఉన్న పేరును నమ్మితే బోల్తా పడ్డట్టే. స్క్రూలు విప్పితేగానీ అసలు సంగతి బయటపడదు. 1970ల్లో జపాన్‌లో తయారైన 'కాపీ' ఎలక్ట్రిక్ గిటార్ల పుట్టుపూర్వోత్తరాలు వెతకడమంటే... అదో అపరాధ పరిశోధన!

ఒక గిటార్ ఉంది. దాని తల మీద 'ఇబనేజ్' అని రాసి ఉంది. వినడానికి స్పెయిన్ పేరులా ఉంటుంది. నిజంగానే అది స్పెయిన్ పేరు. కానీ ఆ పేరుతో వ్యాపారం చేసింది జపాన్‌లోని నగోయా నగరానికి చెందిన సంస్థ. పోనీ, గిటార్ చేసింది వాళ్లేనా అంటే అదీ కాదు. చేసింది కొండల నడుమ ఉన్న మత్సుమోటో అనే ఊళ్లోని ఒక ఫ్యాక్టరీ. ఆకారం చూస్తే అమెరికాలోని గిబ్సన్ కంపెనీవారి 'లెస్ పాల్' మోడల్‌ను అచ్చు గుద్దినట్టుంది. అమ్మింది పెన్సిల్వేనియాలోని ఒక దిగుమతి వ్యాపారి.

ఇంతకీ ఆ గిటార్ ఎవరిది?

ప్రపంచవ్యాప్తంగా పాత గిటార్లు సేకరించేవాళ్లు దశాబ్దాలుగా ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూనే ఉన్నారు. ఒకప్పుడు 'డబ్బుల్లేనివాళ్లు కొనుక్కునే డూప్లికేట్ సరుకు' అని తీసిపారేసిన వాయిద్యాలవి. ఇప్పుడు వాటిలో మంచివాటికి భలే గిరాకీ. గిరాకీ ఉన్నచోట కట్టుకథలూ పుడతాయి. ఏ ఫ్యాక్టరీలో పుట్టిందో తెలియని గిటార్‌కి గొప్ప ఫ్యాక్టరీ పేరు తగిలిస్తారు. కోర్టు మొహం చూడని గిటార్‌ని 'కోర్టు కేసు గిటార్' అంటారు. ఇంకొందరు ఘనులైతే జపాన్ పేరును చెరిపేసి, ఆ స్థానంలో గిబ్సన్ అని అతికించి అమ్మేస్తారు. అందుకే కొనేవాడికి ఆ గిటార్ ఎక్కడ పుట్టిందన్నది డబ్బుతో ముడిపడిన సంగతి. ఆ గిటార్‌ను చేసిన చేతులకైతే అది పేరుతో ముడిపడిన సంగతి.

ముందు అసలు సంగతి
కాపీ గురించి చెప్పుకోవాలంటే ముందు ఒరిజినల్ గురించి తెలియాలి. ఎలక్ట్రిక్ గిటార్ ప్రపంచాన్ని ఏలిన పేర్లు ప్రధానంగా రెండు. ఒకటి ఫెండర్, రెండోది గిబ్సన్. రెండూ అమెరికావే. ఫెండర్ 1951 నుంచి 'టెలికాస్టర్' పేరుతో, 1954లో 'స్ట్రాటోకాస్టర్' పేరుతో గిటార్లు తెచ్చింది. 1952లో గిబ్సన్ 'లెస్ పాల్'ను విడుదల చేసింది. ఫెండర్ గిటార్లలో మెడను స్క్రూలతో బిగిస్తారు. గిబ్సన్ తన లెస్ పాల్‌కి మెడను జిగురుతో అతికిస్తుంది. చూడ్డానికి చిన్న తేడానే. మన కథలో మాత్రం ఇదే పెద్ద ఆనవాలు.

తమాషా ఏమిటంటే, ఇప్పుడు లక్షల డాలర్లు పలికే లెస్ పాల్ అప్పట్లో సరిగా అమ్ముడే పోలేదు. 1958 నుంచి 1960 వరకూ ఎరుపూ పసుపూ కలిసిన 'సన్‌బర్స్ట్' రంగుతో సుమారు 1,500 గిటార్లు చేసి, గిబ్సన్ ఆ ఆకారాన్నే పక్కన పెట్టేసింది. ఆ తర్వాత కథ మారింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ బ్రిటన్‌లో ఆ పాత లెస్ పాల్ పట్టుకుని రికార్డు చేసిన బ్లూస్ సంగీతం కుర్రకారును ఊపేసింది. అందరికీ అదే గిటార్ కావాలి. దొరకదు. చివరికి 1968లో గిబ్సన్ మళ్లీ లెస్ పాల్ తయారీ మొదలుపెట్టింది.

అదే కాలంలో రెండు కంపెనీలూ చేతులు మారాయి. 1965లో ఫెండర్‌ను సీబీఎస్ అనే ప్రసార సంస్థ కొనేసింది. 1969లో గిబ్సన్ మాతృసంస్థ కూడా కొత్త యాజమాన్యం కిందికి వెళ్లింది. అదే తర్వాత నార్లిన్‌గా మారింది. లెక్కల మనుషులు వచ్చాక పనితనం తగ్గిందన్న మాట వాద్యకారుల్లో బలంగా పడిపోయింది. ధరలు మాత్రం తగ్గలేదు. గిరాకీ ఉంది, నాణ్యత మీద అనుమానం ఉంది, ధర అందడం లేదు. కాపీ కొట్టేవాడికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

జపాన్‌కు పట్టిన 'ఎరెకి' జ్వరం
అలాగని జపాన్‌వాళ్లకు గిటార్ చేయడం అప్పుడే కొత్తగా తెలిసిందనుకుంటే పొరపాటు. టోక్యోలో టీస్కో అనే సంస్థ 1946లోనే పుట్టింది. యుద్ధంలో ఓడి, బూడిదైపోయిన నగరంలో ఒక హవాయీ గిటార్ వాద్యకారుడు, ఒక ఎలక్ట్రికల్ ఇంజినీరు కలిసి పెట్టిన కంపెనీ అది. 1960ల్లో టీస్కో చేసిన గిటార్లు ఎవరికీ కాపీలు కావు. వంకర్లు తిరిగిన ఆకారాలు, వరసగా స్విచ్చులు, మెరిసే లోహపు రేకులు... చూస్తే గిటారా, రేడియోనా అని సందేహం రావాల్సిందే!

1965 జనవరిలో అమెరికా బృందం 'ది వెంచర్స్' జపాన్ పర్యటనకు వచ్చింది. అంతే, దేశం ఊగిపోయింది. ఎలక్ట్రిక్ అనే మాటను జపాన్ కుర్రాళ్లు కుదించి 'ఎరెకి' అన్నారు. ఆ ఏడాదే ఎరెకి పేరుతో సినిమా కూడా వచ్చింది. పిల్లలు చెడిపోతున్నారంటూ కొన్నిచోట్ల విద్యాధికారులు గిటార్లను నిషేధించారు. కుర్రాళ్ల సంగీతాన్ని చూసి పెద్దలు కంగారుపడటం ఏ దేశంలోనైనా ఒకటేనేమో!

ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. కానీ జ్వరం ఎక్కినంత వేగంగానే దిగింది. 1960లు ముగిసేసరికి అటు ఎగుమతులూ తగ్గాయి, ఇటు దేశంలోనూ మోజు చల్లబడింది. చాలా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. టీస్కోను 1967లో పియానోల కంపెనీ కవాయ్ తీసేసుకుంది. మిగిలినవాళ్లు బతకాలంటే ప్రపంచం అడుగుతున్నదే చేయాలి. ప్రపంచం అడుగుతున్నదేమిటి? లెస్ పాల్, స్ట్రాటోకాస్టర్!

కుట్టుమిషను బల్లల నుంచి...
ఈ కథకు కేంద్రం నగానో రాష్ట్రంలోని మత్సుమోటో. చుట్టూ జపాన్ ఆల్ప్స్ పర్వతాలు. సముద్రానికి దూరం. గాలిలో తేమ తక్కువ. కలప బాగా ఆరుతుంది, వంకర పోదు. అందుకే అక్కడ బల్లలు, బీరువాలు చేసే వడ్రంగానికి పాత పేరుంది. సంగీతం కూడా ఆ ఊరికి పరాయిది కాదు. పసిపిల్లలకు వయొలిన్ నేర్పే 'సుజుకి పద్ధతి' ప్రపంచానికి పాకింది ఆ ఊరి నుంచే.

మత్సుమోకు అనే సంస్థ అక్కడే 1951లో మొదలైంది. మత్సుమోటో, మొక్కో అన్న రెండు మాటల్ని కుదించి పెట్టిన పేరది. మొక్కో అంటే చెక్కపని. మొదట్లో వాళ్లు చేసింది గిటార్లు కాదు. మన ఇళ్లలో నాయనమ్మల కాలం నుంచీ పరిచయమున్న సింగర్ కుట్టుమిషన్లకు చెక్క బల్లలు, పెట్టెలు చేసేవారు. నున్నగా కోయడం, ప్లైవుడ్‌ను అచ్చులో పెట్టి వంచడం, మెరిసేలా వార్నిష్ వేయడం... పెట్టెకు కావాల్సిన పనులే గిటార్‌కీ కావాలి. 1960ల్లో ఆ చేతులు గిటార్ల వైపు మళ్లాయి.

అదే ఊళ్లో 1960లో యుయిచిరో యొకోఉచి, యుతాకా మిమురా అనే ఇద్దరు కలిసి ఫుజిగెన్ గక్కి అనే ఫ్యాక్టరీ పెట్టారు. 'గక్కి' అంటే సంగీత వాయిద్యం, 'గెన్' అంటే తీగ. ఫుజి తంత్రీవాద్యాల కంపెనీ అన్నమాట. మొదట మామూలు క్లాసికల్ గిటార్లు చేశారు. కొద్దికాలానికే ఎలక్ట్రిక్ గిటార్లలోకి దిగారు. మత్సుమోకు, ఫుజిగెన్... ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఆ గిటార్ల తలల మీద ఈ పేర్లు దాదాపు ఎక్కడా కనిపించవు.

అచ్చు అదే... కానీ కాదు!
1970ల తొలినాళ్ల కాపీలు దూరం నుంచి చూస్తే మోసం చేస్తాయి. దగ్గరికెళ్తే గుట్టు రట్టవుతుంది. అసలు లెస్ పాల్ మందమైన మహోగని చెక్క మీద మేపుల్ పలక అతికించి, పైభాగాన్ని ఉబ్బెత్తుగా చెక్కిన వాయిద్యం. తొలి కాపీల్లో ఆ ఉబ్బు చెక్కింది కాదు, అచ్చులో నొక్కిన ప్లైవుడ్! పైపలకకూ కింది చెక్కకూ మధ్య ఖాళీ ఉండేది. వేలితో తడితే బోలుగా మోగేది. అసలుదానికి మెడ జిగురుతో అతికితే, వీటికి నాలుగు స్క్రూలతో బిగించేవారు. ఖర్చు తక్కువ, పని సులువు.

కొలతలు కూడా పట్టిస్తాయి. అమెరికావాళ్లది అంగుళాల లెక్క. జపాన్‌వాళ్లది మిల్లీమీటర్ల లెక్క. అమెరికా బ్రిడ్జి తెచ్చి జపాన్ గిటార్ మీద పెడితే రంధ్రాలు కలవవు. ఫెండర్ వాడే యాష్ కలపకు బదులు అలాంటి చారలే ఉన్న 'సెన్' అనే కలపను జపాన్‌లో వాడేవారు. వేళ్లు కదిలే పలకకు మాత్రం ఎక్కువగా రోజ్‌వుడ్ వాడారు. మన అడవుల్లో జిట్రేగి అని పిలిచే చెట్టు ఆ జాతిదే.

అయితే కాపీ కొడుతూ కూర్చున్నవాడు అక్కడే ఆగిపోలేదు. ఏడాది ఏడాదికీ తప్పులు దిద్దుకుంటూ వచ్చాడు. 1970ల నడుమకి వచ్చేసరికి స్క్రూల మెడ పోయి జిగురు మెడ వచ్చింది. ప్లైవుడ్ పోయి గట్టి చెక్క వచ్చింది. టోక్యో వ్యాపార సంస్థ కాందా షోకాయ్ 'గ్రెకో' పేరుతో అమ్మిన గిటార్లు, హమమట్సు నగరంలో 1947 నుంచీ ఉన్న తోకాయ్ గక్కి 1978లో తెచ్చిన లెస్ పాల్ కాపీలు చూస్తే ఆ తేడా తెలుస్తుంది. వాళ్లు అనుకరించింది అప్పటి గిబ్సన్ షాపుల్లో అమ్ముతున్న కొత్త గిటార్‌ని కాదు. 1950ల చివరి పాత గిటార్‌ని! గిబ్సనే తన పాత పనితనాన్ని మరిచిపోయిందని వాద్యకారులు సణుగుతున్న రోజుల్లో, దాన్ని గుర్తుపెట్టుకున్నది కాపీ కొట్టినవాడు. తోకాయ్ ఆ మోడల్‌కు ఏకంగా 'లెస్ పాల్ రీబార్న్' అని పేరు పెట్టేసింది. అంటే, లెస్ పాల్ పునర్జన్మ! ఆ పేరును ఎక్కువ కాలం ఉంచలేక తర్వాత 'లవ్ రాక్' అని మార్చుకుంది.

ఒకే ఫ్యాక్టరీ... బోలెడు పేర్లు
ఆనవాళ్లు దొరక్కపోవడానికి అసలు కారణం ఇక్కడుంది. తయారుచేసేది ఒకరు, పేరు పెట్టేది ఒకరు, అమ్మేది ఇంకొకరు. విదేశీ వ్యాపారి వచ్చి 'ఇన్ని గిటార్లు కావాలి, తల మీద మా పేరు వేయండి' అంటాడు. ఫ్యాక్టరీ అలాగే వేసిస్తుంది. అదే ఫ్యాక్టరీ వారం తిరక్కముందే మరో వ్యాపారికి మరో పేరుతో అదే గిటార్ చేసిపెడుతుంది. అమెరికాలో యూనివాక్స్, ఎలక్ట్రా, లైల్... బ్రిటన్‌లో ఆంటోరియా, సీఎస్ఎల్... జపాన్‌లో గ్రెకో, ఏరియా... ఇలా జాబితా చాంతాడంత అవుతుంది. నిర్వాణా బృందం నాయకుడు కర్ట్ కొబేన్ వాయించిన యూనివాక్స్ కూడా మత్సుమోకులో పుట్టిన కాపీనే. అది అనుకరించింది ఫెండర్‌నో గిబ్సన్‌నో కాదు. వెంచర్స్ బృందం వాయించిన మోస్‌రైట్ గిటార్‌ని!

ఇబనేజ్ కథ మరీ విచిత్రం. సాల్వడార్ ఇబనేజ్ స్పెయిన్‌లోని వలెన్సియాకు చెందిన గిటార్ల తయారీదారు. నగోయాలో హోషినో అనే పుస్తకాల దుకాణం ఉండేది. 1908లో ఆ దుకాణం వాయిద్యాల విభాగం తెరిచింది. 1929లో స్పెయిన్ నుంచి ఇబనేజ్ గిటార్లు తెప్పించి అమ్మింది. ఆ తర్వాత 1935 నుంచి ఆ పేరు మీద తనే గిటార్లు చేయించడం మొదలుపెట్టింది. యుద్ధాలు వచ్చాయి, పోయాయి. 1970లు వచ్చేసరికి ఆ స్పెయిన్ పేరు ఫుజిగెన్‌లో తయారైన అమెరికా నమూనా గిటార్ల మీదికెక్కి కూర్చుంది!

అన్నింటినీ మించిన తమాషా ఇంకోటుంది. గిబ్సన్ యాజమాన్యం చేతిలోనే ఎపిఫోన్ అనే మరో పేరుండేది. 1970లో దాని తయారీని జపాన్‌కు తరలించారు. ఎక్కడికో తెలుసా? మత్సుమోకుకి! గిబ్సన్‌ను కాపీ కొడుతున్న ఫ్యాక్టరీలోనే గిబ్సన్‌వారి సొంత సరుకూ తయారైందన్నమాట. ఇక ఒరిజినల్ ఎక్కడ ఆగింది, కాపీ ఎక్కడ మొదలైంది అని గీత గీయడం ఎవరి తరం?

కోర్టుకెక్కింది 'తల' మాత్రమే!
పాత జపాన్ గిటార్ కొనబోయిన ఎవరికైనా వినిపించే మాట 'లాసూట్ గిటార్'. అంటే అమెరికా కంపెనీలు కేసు వేసి ఆపించేసిన గిటార్ అని అర్థం. నిషేధించేంత బాగుందన్నమాట అనుకుని కొనేవాడు జేబులో చెయ్యి పెడతాడు. జరిగింది మాత్రం ఇంతే.

1977 జూన్‌లో గిబ్సన్ యాజమాన్య సంస్థ నార్లిన్ ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. ఎవరి మీద? అమెరికాలో ఇబనేజ్ గిటార్లు అమ్మే హోషినో అనుబంధ సంస్థ ఎల్గర్ మీద. తగువంతా గిటార్ తల గురించి. తీగలు బిగించే మరలుండే ఆ భాగాన్ని హెడ్‌స్టాక్ అంటారు. గిబ్సన్ తల పైఅంచు తెరిచిన పుస్తకంలా ఉంటుంది. ఆ ఆకారం మాది, వాడటానికి వీల్లేదన్నది గిబ్సన్ వాదన. 1978 తొలినాళ్లలో రెండు పక్షాలూ కోర్టు బయటే రాజీ పడ్డాయి. తీర్పంటూ ఏదీ రాలేదు. గిటార్లను తగలబెట్టిందీ లేదు, ఫ్యాక్టరీకి తాళం వేసిందీ లేదు. అసలు సంగతేమిటంటే, దావా పడేనాటికే ఇబనేజ్ తన గిటార్ల తల ఆకారం మార్చేసింది!

అంటే ఆ కేసుకు సంబంధించింది ఒకే పేరు, ఒకే ఆకారం. గ్రెకో కాదు, తోకాయ్ కాదు, ఏరియా కాదు. స్ట్రాటోకాస్టర్ కాపీలకైతే ఆ కేసుతో బొత్తిగా సంబంధం లేదు. అయినా 1970ల నాటి ప్రతి జపాన్ గిటార్‌కీ 'లాసూట్' అని తోక తగిలించడం అమ్మేవాళ్లకు అలవాటైపోయింది. ఆ ఒక్క మాటకు కొన్నవాడు ఎంత అదనంగా చెల్లించాడో వాడికే తెలియాలి.

శత్రువుతో పొత్తు
గిబ్సన్ కోర్టుకెళ్తే ఫెండర్ ఇంకో దారి ఎంచుకుంది. 1980ల మొదట్లో ఫెండర్ పరిస్థితి బాగాలేదు. తోకాయ్, గ్రెకో, ఫెర్నాండెస్ కాపీలు మార్కెట్‌ను ముంచెత్తుతున్నాయి. ఆపలేనప్పుడు కలుపుకోవడమే మేలనుకుంది ఫెండర్. 1982లో కాందా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను ఏర్పాటుచేసింది. కాందా షోకాయ్ అంటే గుర్తుందిగా, గ్రెకో పేరుతో కాపీలు అమ్మిన సంస్థే! ఇక గిటార్లు చేసే పని ఎవరికి దక్కింది? ఫుజిగెన్‌కి!

అక్కణ్నుంచి వచ్చిన తొలి నమూనాలు చూసి ఫెండర్ ఉద్యోగులకు కన్నీళ్లు వచ్చినంత పనైందని అప్పటి ఫెండర్ అధికారి డాన్ స్మిత్ తర్వాతికాలంలో చెప్పాడు. తమ పాత గిటార్లను తమకన్నా బాగా చేశారన్నమాట. నెంబరు ముందు 'జేవీ' అనే అక్షరాలున్న ఆ తొలి గిటార్లను సేకరణకర్తలు ఇప్పటికీ వెతికి మరీ కొంటారు. తక్కువ ధర గిటార్లకు 'స్క్వైర్' అన్న పేరు పెట్టారు. అది 1965లో ఫెండర్ కొన్న ఒక పాత తీగల కంపెనీ పేరు.

1985లో సీబీఎస్ నుంచి ఫెండర్‌ను దాని ఉద్యోగులే కొనుక్కున్నారు. ఆ బేరంలో పేరు వచ్చింది, డిజైన్లు వచ్చాయి. పాత ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. కొత్త ఫ్యాక్టరీ నిలదొక్కుకునే దాకా ఫెండర్ పేరును నిలబెట్టింది జపాన్ గిటార్లే. ఒకప్పటి కాపీ ఒరిజినల్‌ను గట్టెక్కించిందంటే అతిశయోక్తి కాదు. కోర్టుకెక్కిన గిబ్సన్ కూడా చివరికి అదే బాట పట్టింది. 1988లో యమానో గక్కితో కలిసి జపాన్‌లో 'ఆర్విల్' పేరుతో తన మోడల్స్ చేయించింది. వాటిని చేసిన ఫ్యాక్టరీల్లో ఫుజిగెన్ కూడా ఉంది!

ఇవీ ఆనవాళ్లు
పేరు నమ్మకూడదు సరే, మరి పుట్టిల్లు కనిపెట్టేదెలా? అనుభవమున్నవాళ్లు గిటార్ చేతికి రాగానే వాయించరు. స్క్రూడ్రైవర్ తీస్తారు!

నెంబరు: 1975 చివర్నుంచి ఫుజిగెన్‌లో తయారైన ఇబనేజ్‌ల మీద ఒక అక్షరం, ఆరు అంకెలు ఉంటాయి. అక్షరం నెలను చెబుతుంది. 'ఏ' అంటే జనవరి, 'ఎల్' అంటే డిసెంబరు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. 'హెచ్ 77' అని మొదలైతే 1977 ఆగస్టులో చేసినట్టు. ఆ కాలపు గ్రెకో గిటార్లదీ ఇదే లెక్క. రెండు వేర్వేరు పేర్ల మీద ఒకే రకం నెంబర్లుంటే పుట్టిల్లు ఒకటేనని అనుమానించాలి. అంతకు ముందువాటికి నెంబరే ఉండకపోవచ్చు. నెంబరు లేదని నకిలీ అనేయకూడదు.

వెనక రేకు: మెడను బిగించిన చోట చిన్న లోహపు రేకు ఉంటుంది. 'స్టీల్ ఎడ్జస్టబుల్ నెక్', 'మేడ్ ఇన్ జపాన్' అన్న అక్షరాలు అక్కడ కనిపిస్తే 1970లకు అటూఇటూ చేసిన కాపీ అని చెప్పొచ్చు. మెడ లోపల వంపు సరిచేసే ఉక్కు కడ్డీ ఉందని దానర్థం. మత్సుమోకు గిటార్ల మీద ఈ రేకు తరచూ కనిపిస్తుంది. కానీ రేకు ఒక్కటే సాక్ష్యం కాదు. నాలుగు స్క్రూలు విప్పితే ఎవరైనా మార్చేయగలరు.

లోపలి సరుకు: వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద గుండ్రటి పాట్లు ఉంటాయి. వాటి వీపు మీది అంకెలు, తీగల శబ్దాన్ని పట్టే పికప్‌ల అడుగున ఉండే ముద్రలు కాలాన్ని పట్టిస్తాయి. గ్రెకో, ఇబనేజ్ పికప్‌లు చాలావరకు మాక్సన్ పేరున్న నిష్షిన్ ఓన్పా సంస్థ చేసినవి. అదీ నగానోదే. ఇక్కడో తర్కం ఉంది. పాట్ మీద 1978 అని తేలితే గిటార్ అంతకన్నా ముందుది కాదు, తర్వాతిది కావచ్చు. అది కూడా పాట్ మార్చలేదన్న నమ్మకం ఉంటేనే. అతుకులకు వేసిన సోల్డర్ మళ్లీ కరిగించినట్టుంటే అనుమానించాల్సిందే.

మోడల్ అంకె: ఇది జపాన్‌వాళ్ల చమత్కారం. తోకాయ్ 'ఎల్ఎస్-80' అంటే ధర 80 వేల యెన్లు. గ్రెకో 'ఈజీ-500' అంటే 50 వేల యెన్లు. పేరులోనే ధర! అంకె పెద్దదయ్యేకొద్దీ చెక్క, పనితనం మెరుగుపడతాయి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఏడాది, ఒకే ఆకారం అయినా రెండు గిటార్ల మధ్య బోలెడు తేడా ఉండొచ్చు. 'జపాన్‌దైతే చాలు' అని కొనేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

చెక్కపని: మెడ వచ్చి బాడీలో కూర్చునే చోటు చూస్తారు. అక్కడి కోతలు, పెన్సిల్ గుర్తులు, రబ్బరు స్టాంపులు చూస్తారు. పేరు మారినా చెయ్యి మారదు. ఒక ఫ్యాక్టరీ రంపం కోసిన తీరు అన్ని పేర్ల గిటార్లలోనూ ఒకేలా ఉంటుంది. రాతను బట్టి మనిషిని పట్టినట్టు కోతను బట్టి ఫ్యాక్టరీని పట్టడమన్నమాట.

ఒక్క ఆనవాలు దొరికితే అది అనుమానం. మూడు నాలుగు ఒకేవైపు చూపిస్తే అది సాక్ష్యం. ఈ విద్యలో మొదటి పాఠమూ చివరి పాఠమూ ఇదే.

యెన్ కొట్టిన దెబ్బ
గిబ్సన్ దావా ఆపలేని కాపీల వెల్లువను ఆపింది డబ్బు మారకం రేటు. 1949 నుంచి 1971 వరకూ డాలరుకు 360 యెన్లు. ఆ రేటుతో జపాన్ సరుకు అమెరికాలో కారుచౌక. 1973 నుంచి యెన్ విలువను మార్కెట్‌కే వదిలేశారు. 1985 సెప్టెంబరులో పెద్ద దేశాలు ప్లాజా ఒప్పందం చేసుకునేనాటికి డాలరుకు సుమారు 240 యెన్లు. రెండేళ్లు తిరిగేసరికి అది 150కి దిగువకు పడింది. లెక్క వేస్తే, 48 వేల యెన్ల గిటార్ అంతకుముందు 200 డాలర్లకు వచ్చేది. అదే గిటార్ ఇప్పుడు 320 డాలర్లు. చెక్కలో మార్పు లేదు, చేతిలో మార్పు లేదు, ధర మాత్రం ఆకాశంలో! వ్యాపారులు తట్టాబుట్టా సర్దుకుని దక్షిణ కొరియా ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. ఎపిఫోన్ అయితే ఆ దారి ముందే పట్టింది.

మత్సుమోకు 1987లో మూతపడింది. ఎన్నో పేర్లతో ప్రపంచమంతా తిరిగిన గిటార్లకు జన్మనిచ్చిన ఫ్యాక్టరీ అలా కనుమరుగైంది. దాని పనితనాన్ని మెచ్చుకుంటున్న వాద్యకారుల్లో చాలామందికి దాని పేరు తెలిసింది మూతపడ్డాకే. జపాన్ కాపీల యుగంలో వెలిగిన ఫెర్నాండెస్ చాలా ఏళ్లు నిలబడింది. చివరికి అదీ 2024 జులైలో దివాలా తీసింది.

నేర్చుకున్నవాడు, ఆగిపోయినవాడు
కాపీ కొట్టడం తప్పా, ఒప్పా? గిబ్సన్, ఫెండర్‌ల వైపు నుంచి చూస్తే, వాళ్ల కష్టాన్ని పైసా ఇవ్వకుండా వాడుకోవడమే. అందులో సందేహం లేదు. అయితే కాపీ కొట్టిన అందరి గతీ ఒకేలా లేదు. ఆకారం ఒక్కటే ఎత్తుకొచ్చినవాళ్లు కాలంలో కలిసిపోయారు. ఆ ఆకారం వెనకున్న పనిని నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. ఇబనేజ్ ఒకపక్క కాపీలు అమ్ముతూనే 1970ల నడుమ 'ఆర్టిస్ట్', 'ఐస్‌మ్యాన్' వంటి సొంత మోడల్స్ తెచ్చింది. జాజ్ దిగ్గజం జార్జ్ బెన్సన్ పేరు మీద గిటార్ చేసింది. 1987లో స్టీవ్ వాయ్‌తో కలిసి తెచ్చిన 'జెమ్'ను చూసి ఇది ఫలానాదానికి కాపీ అని ఎవరూ అనలేకపోయారు. ఇన్నేళ్లూ ఇతరుల పేర్ల వెనక దాక్కున్న ఫుజిగెన్ ఇప్పుడు 'ఎఫ్‌జీఎన్' అని తన పేరునే గిటార్ తల మీద రాసుకుంటోంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. మార్కెట్‌లో ఇప్పుడు ఇబనేజ్ జెమ్‌కే నకిలీలు తిరుగుతున్నాయి. వాటిని ఏ ఊళ్లో, ఏ షెడ్డులో, ఎవరు చేశారో తల మీది పేరు చూసి చెప్పడం కుదరదు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవాల్సిందే!